ఆఫీసు క్యాంటీన్‌లో చేత్తో తింటే పరువు పోతుందా?

విజయనగరం_వాసు
సింగపూర్‌లో ఉద్యోగం. మధ్యాహ్నం మా టీమ్ అంతా ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. ఒక చైనా ఆయన, ఒక కొరియా అమ్మాయి, ఇద్దరు మలయ్‌లు, ఒక ఫిలిప్పీన్స్ ఆయన, తెలుగువాళ్లం ఇద్దరం. నేను ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటాను. నిన్న అన్నం, టమాటా పప్పు, ఆవకాయ. చెయ్యి కడుక్కుని వచ్చి, శుభ్రంగా కలుపుకుని తింటున్నాను. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. నిన్న భోజనాలయ్యాక మా మేనేజరు పక్కకి పిలిచి "నలుగురిలో ఉన్నప్పుడు స్పూన్ వాడు వాసూ, మన పరువు పోతుంది" అన్నారు. అన్నది చైనా ఆయన కాదు, కొరియా అమ్మాయి కాదు. మన తెలుగాయనే! నా పక్కనే మలయ్ సహోద్యోగి నాలాగే చేత్తో తింటున్నాడు, అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.
పప్పూ ఆవకాయా స్పూన్‌తో తింటే నాకు తిన్నట్టే ఉండదు. అలాగని రోజూ ఆయన మొహం చూడాలి కదా, టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు? వేరే దేశాలవాళ్ల మధ్య పనిచేసేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

గోదారి_గట్టు
చేత్తో తింటే పరువు పోదు బాబూ. పక్కవాడి కంచంలోకి తొంగిచూసి మాట్లాడితే పోతుంది. హాయిగా తిను.

స్పూన్_పార్టీ
ఆయన చెప్పిన తీరు బాగాలేదు, నిజమే. కానీ విషయాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నేను ఇంట్లో కూడా స్పూన్‌తోనే తింటాను. గోళ్లలో పసుపు ఉండిపోదు. మధ్యలో ఫోన్ వస్తే ఎత్తొచ్చు. తర్వాత మీటింగులో ఎవరికైనా చెయ్యి కలిపితే ఆవకాయ వాసన రాదు. మనవాళ్లు కొందరు చారన్నం జుర్రుతూ అరచేయంతా పులుముకుంటారు, ఎదురుగా కూర్చున్నవాళ్లకి చూడ్డం కష్టంగానే ఉంటుంది. నలుగురితో పాటు నారాయణా అని మన పెద్దలే అన్నారు.

బ్యాంకాక్_సుధ
స్పూన్_పార్టీ గారూ, ఆ నలుగురిదీ ఒకే పద్ధతి అయితే కదా! వాసు గారి బల్ల దగ్గరే చూడండి. చైనా ఆయన చాప్‌స్టిక్స్. కొరియా అమ్మాయి అన్నానికి స్పూను, కూరలకి చాప్‌స్టిక్స్. ఫిలిప్పీన్స్ ఆయన స్పూనూ ఫోర్కూ. మలయ్‌లది చెయ్యి. ఇందులో ఎవరితో పాటు నారాయణా అనాలి?
మా దగ్గర ఇంకో రకం. థాయ్‌లాండ్‌లో కుడిచేతిలో స్పూన్, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కు నోట్లో పెట్టుకోరు, దాంతో అన్నాన్ని స్పూన్‌లోకి తోస్తారంతే. బల్ల మీద కత్తి ఉండదు, ముక్కలన్నీ వంటింట్లోనే చిన్నగా తరిగేస్తారు. మనవాళ్లు థాయ్ హోటల్‌కి వచ్చి చాప్‌స్టిక్స్ అడుగుతుంటారు. అవి నూడుల్స్‌కే ఇస్తారు, అన్నానికి కాదు. ఈ స్పూనూ ఫోర్కూ కూడా అక్కడ పుట్టినవి కావు. 19వ శతాబ్దంలో రాజుగారి ఇంట్లో మొదలై తర్వాత జనంలోకి వచ్చాయి. అంతకుముందు వాళ్లూ చేత్తోనే తినేవాళ్లు. ఈశాన్య జిల్లాల్లో, పక్కనున్న లావోస్‌లో జిగురన్నం ఇప్పటికీ చేత్తోనే. చిన్న వెదురు బుట్టలో వేడిగా పెట్టి ఇస్తారు. వేళ్లతో కొంచెం తుంచి, నొక్కి, కారంలో అద్దుకుని తినడమే. మా ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నావిడ అదే చేత్తో తిని, చెయ్యి కడుక్కుని, మీటింగుకి వస్తుంది. పరువు మాట ఎవరూ ఎత్తరు.

కృష్ణలంక_కుర్రాడు
జిగురన్నం అంటే మన ముద్దన్నం లాంటిదా అక్కా? అన్నం ముద్దయితే మా ఇంట్లో యుద్ధమే.

బ్యాంకాక్_సుధ
కాదు తమ్ముడూ, ఆ బియ్యం రకమే వేరు. రాత్రంతా నానబెట్టి, నీళ్లలో ఉడికించకుండా ఆవిరి మీద వండుతారు. ముద్దగా ఉంటుంది గానీ తడిగా ఉండదు. చేతికి పెద్దగా అంటుకోదు.

టోక్యో_కిరణ్
సుధ గారు చెప్పినదాంట్లోనే అసలు విషయం ఉంది. ఏ ఊళ్లో దేంతో తినాలో ఆ ఊరి బియ్యమే తేలుస్తుంది. జపాన్ బియ్యం పొట్టిగా ఉంటుంది, వండితే గింజలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండు పుల్లలతో ఎత్తితే ముద్ద ముద్దగా వస్తుంది. పైగా గిన్నె చేత్తో ఎత్తి నోటి దగ్గర పెట్టుకుంటారు కాబట్టి దూరం కూడా తక్కువ. మిసో సూప్‌కి స్పూన్ ఉండదు, గిన్నెతోనే తాగుతారు. మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పొడిపొడిగా వండి చాప్‌స్టిక్స్‌తో తినమనండి. పది గింజలు కంచంలో, రెండు నోట్లో. దాని మీద పప్పు పోశాక ఇక పుల్లలకి పనే లేదు. కలపాలి, కలపాలంటే వేళ్లు కావాలి.
ఇంకో మాట. జపాన్‌వాళ్లు అన్నీ పుల్లలతోనే తింటారనుకోవద్దు. నిగిరి సుషి, అంటే పైన చేపముక్క పెట్టిన చిన్న అన్నం ముద్ద, చేత్తో తినడం తప్పే కాదు. చాలాచోట్ల కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి వేడి తడిగుడ్డ ఇస్తారు. ఓనిగిరి అనే అన్నం ఉండనైతే రైల్లో కూడా చేత్తో పట్టుకుని తింటారు.

చరిత్ర_పిచ్చి
చైనాలో కూడా ఒకప్పుడు అన్నం చేత్తోనే తినేవాళ్లు. అన్యాంగ్ తవ్వకాల్లో దొరికిన కంచు చాప్‌స్టిక్స్ మూడు వేల ఏళ్ల నాటివి. అవి తినడానికి కాదు, వంటకీ కాగుతున్న కుండలోంచి ముక్కలు తీయడానికీ అంటారు. వాళ్ల ప్రాచీన ఆచార గ్రంథం 'లీ జీ'లో పంక్తి మర్యాదలు రాసి ఉన్నాయి. నలుగురితో కలిసి ఒకే పాత్రలోంచి తినేటప్పుడు అన్నాన్ని ముద్దలు చేయకూడదు. చిరుధాన్యపు అన్నాన్ని చాప్‌స్టిక్స్‌తో తినకూడదు. ముద్ద చేస్తే ఎక్కువ లాక్కున్నట్టు, పక్కవాడికి తక్కువ మిగిల్చినట్టు! అంటే చేత్తో తినే పద్ధతికి అక్కడ అంత నియమావళి ఉండేది. నూడుల్స్ లాంటివి వ్యాపించాక పుల్లలది పైచేయి అయింది.
యూరప్ సంగతి సరేసరి. ఇంగ్లండ్‌లో ఫోర్కు గురించి జనానికి గట్టిగా చెప్పినవాడు థామస్ కోర్యాట్. ఇటలీలో 1608లో చూసి వచ్చి, 1611లో రాస్తే అంతా ఎగతాళి చేశారు. మాంసం కోసేటప్పుడు వేళ్లతో పట్టుకుంటే సరిపోదా, ఈ ముళ్లగరిట ఎందుకని. ఆ కోర్యాటే తర్వాత కాలినడకన మన దేశానికి వచ్చి, అజ్మీర్‌లో జహంగీర్ కొలువు చూసి, 1617లో సూరత్‌లో పోయాడు. మనల్ని చూసి మొహం చిట్లించే నాగరికతకి ఫోర్కు అలవాటై నాలుగు వందల ఏళ్లు!

గోదారి_గట్టు
చరిత్ర_పిచ్చి గారూ, ఇది బాగుంది. ఫోర్కు తెచ్చినాయన సూరత్‌లో ఏ చేత్తో తిన్నాడో మరి.

సంగటిముద్ద
మాది పెనుకొండ దగ్గర. కొరియావాళ్ల కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో కొరియావాళ్లు తిరుగుతుంటారు. 2019లో కార్లు బయటికి రావడం మొదలైనాక ఇంకా ఎక్కువైనారు. వాళ్ల తిండి హోటళ్లు కూడా వెలిసినాయి. మా మామ వాళ్లకి సామాన్లు సప్లై చేస్తాడు, ఒకసారి ఒక సారును ఇంటికి భోజనానికి పిలిచినాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల పచ్చడి. ఆయన కోసం అత్త స్పూన్ పెట్టింది. ఆయన సంగటిలో స్పూన్ గుచ్చినాడు, అది నిలబడిపోయింది. లాగితే ముద్దంతా లేచి వచ్చింది.
అప్పుడు మామ నేర్పినాడు. వేళ్లు నీళ్లలో తడుపుకో. అంచు నుంచి నిమ్మకాయంత తుంచు. బొటనవేలితో నడిమిన గుంత పెట్టు. పులుసులో ముంచి, గుంతలో పులుసు నిలిచినాక నోట్లో వేసుకో. నమలద్దు, మింగు. ఆయన మొదట నమిలినాడు, మా అత్తకు ఒకటే నవ్వు. తర్వాత పట్టుకున్నాడు. కారానికి చెవులు ఎర్రబడినాయి గానీ రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.
వాళ్లు మాకొకటి చూపించినారు. పాలకూర లాంటి పెద్ద ఆకులో వేయించిన మాంసం, అన్నం, ఎర్రటి కారం పేస్టు పెట్టి, పొట్లం కట్టి, ఒకే దెబ్బలో నోట్లో పెట్టుకుంటారు. చేత్తోనే. ఇష్టమైనవాళ్ల నోటికి వాళ్లే అందిస్తారు కూడా. మనం పిల్లలకు గోరుముద్దలు తినిపించినట్టే కదన్నా అది.

టోక్యో_కిరణ్
లెట్యూస్ ఆకు అయ్యుంటుంది. కొరియాలో ఇంకోటుంది, అన్నం గిన్నె చేత్తో ఎత్తకూడదు, బల్ల మీదే ఉండాలి. జపాన్‌లో ఎత్తకపోతే తప్పు, అక్కడ ఎత్తితే తప్పు. రెండు దేశాల మధ్య విమానంలో రెండు గంటల దూరం.

ఓరుగల్లు_రజిత
నేను నర్సుని. శుభ్రత మాట వస్తది కాబట్టి చెప్తున్న. చెయ్యి మంచిదా స్పూన్ మంచిదా అని కాదు, ఏది సరిగ్గ కడిగిన్రు అన్నదే లెక్క. సబ్బుతో కనీసం 20 సెకన్లు, వేళ్ల సందుల్ల, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద. ఉంగరం ఉంటే తీసి కడగాలె. చానామంది చెయ్యి కడుగుడంటే నల్లా కింద వేళ్లు తడుపుడే అనుకుంటరు. అది చాలదు. 2008 నుంచి ఏటా అక్టోబర్ 15న చేతులు కడుగుకునే దినం జరుపుతున్నరంటే ఊకనే కాదు, పిల్లల విరేచనాలు, న్యుమోనియా తగ్గాలంటే సబ్బు అంత ముఖ్యం.
మరి బయట స్పూన్ల సంగతి? కొన్ని టిఫిన్ సెంటర్లల్ల ఎవరో తిన్న స్పూన్‌ని నీళ్లల్ల ముంచి, భుజం మీది గుడ్డతో తుడిచి మళ్ల మీ ప్లేట్ల పెడ్తరు. అది ఎవరు కడిగిన్రో, ఎట్ల కడిగిన్రో మీకు తెల్వదు. మీ చెయ్యి మీరే కడుక్కున్నరు, అది మీకు తెలుసు. నాకైతే చెయ్యి మీదనే నమ్మకం ఎక్కువ. డ్యూటీల ఉన్నప్పుడు మాత్రం స్పూనే. అరగంటకోసారి పేషెంట్ పిలిస్తే మళ్ల మళ్ల కడుక్కోలేం.

స్పూన్_పార్టీ
రజిత గారి మాట సబబుగా ఉంది. కానీ క్యాంటీన్‌లో అందరూ 20 సెకన్లు కడుగుతున్నారా? ఒక్క వాష్‌బేసిన్ ముందు యాభై మంది లైను. సబ్బు డబ్బాలో సగం నీళ్లు. నా వాదన అదే.

ఓరుగల్లు_రజిత
అయితే కొట్లాడాల్సింది వాష్‌బేసిన్ కోసం అన్నా, స్పూన్ కోసం కాదు.

గోదారి_గట్టు
దీనికి నా ఓటు. ఇక చేప దగ్గరికి వద్దాం. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. పులసకి ముల్లు మీద ముల్లు, అదీ వెంట్రుకంత సన్నం, కొన్ని కొనల దగ్గర చీలి ఉంటాయి. వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చిన చేప అంత కొవ్వు పట్టి మెత్తగా ఉంటుంది, ముక్క ముట్టుకుంటే విడిపోతుంది. దాన్ని ఫోర్కుతో తినడమంటే ఆసుపత్రికి దారి వెతుక్కోవడమే. బొటనవేలూ చూపుడువేలూ మధ్య ముక్కని మెల్లగా నలిపితే ముల్లు ఎక్కడుందో వేలికి తెలిసిపోతుంది. దాన్ని తీసి కంచం అంచున పెట్టి, మిగతాది పులుసన్నంలో కలిపి తినాలి. కళ్లకి కనిపించని ముల్లు వేలికి దొరుకుతుంది. బెంగాలీలూ బంగ్లాదేశ్‌వాళ్లూ తినే ఇలిష్ ఇదే చేప, వాళ్లు తినేదీ ఇలాగే. రాజమండ్రిలో మా వీధిలో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది, ఆ ఇంట్లో చిన్నపిల్ల కూడా ముళ్లు ఏరి వరసగా పేర్చేది.

టోక్యో_కిరణ్
పెద్దాయనా, ఇక్కడ కొంచెం అడ్డొస్తాను. జపాన్‌లో శరదృతువులో సన్మా అనే చేపని తలతో సహా కాల్చి పెడతారు. చాప్‌స్టిక్స్ కొనతో వెన్నెముక వెంట గీత గీసి, పైభాగం తినేసి, తోక దగ్గర పట్టి వెన్నెముక మొత్తం ఒక్కసారే ఎత్తేస్తారు. ప్లేటులో ఎముకల బొమ్మ మిగులుతుంది. వాళ్ల చాప్‌స్టిక్స్ కొనలు సన్నగా ఉండేది ఇలాంటి పనికే. కాబట్టి ముళ్లు చేత్తోనే తీయగలం అని అనలేం.

గోదారి_గట్టు
సన్మాకి తీస్తారు కిరణూ. పులస తీయమను, చూస్తాను.

పేరాక్_తెలుగమ్మాయి
నేను మలేషియా తెలుగు. మా ముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తోటల్లో పనికి వచ్చారు. వాసు అన్నా, మీ పక్కన మలయ్ అబ్బాయిని ఎవరూ ఏమీ అనకపోవడానికి కారణం వాళ్లకి అది మర్యాదే కాబట్టి. ఇక్కడ పెళ్లి విందుల్లో కెటిల్ లాంటి పాత్రతో నీళ్లు, కింద చిన్న పళ్లెం తెచ్చి బల్ల దగ్గరే చెయ్యి కడిగిస్తారు. కుడిచేత్తో, వేళ్ల కొనలతో తింటారు. మంత్రుల విందులైనా అంతే. ఇండోనేషియాలో పదాంగ్ అనే ఊరి వంట పెట్టే హోటళ్లలో బల్ల మీద చిన్న గిన్నెలో నీళ్లూ నిమ్మచెక్కా పెడతారు, తాగడానికి కాదు, వేళ్లు ముంచుకోవడానికి.
ఒక్కటే తేడా నాకు ఎప్పుడూ గమ్మత్తుగా ఉంటుంది. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి మలయ్‌లు ఎడమచేత్తో గరిట పట్టుకుని వాళ్లకి వాళ్లే వడ్డించుకుంటారు. మా ఇంట్లో అలా చేస్తే అమ్మమ్మ గరిట లాక్కునేది. ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటావా అని. మరి కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచెయ్యి పనికిరాదు, ఇక నేనెలా వడ్డించుకోవాలి?

ఓరుగల్లు_రజిత
చెల్లె, నువ్వు అడిగినదాంట్ల పెద్ద కథ ఉంది. మన పద్ధతిల ఎవరో ఒకరు నిలబడి వడ్డించాలె, తినేటోళ్లు కూసోని తినాలె. ఆ నిలబడేది ఎవరు? అమ్మ, అత్త, కోడలు. అందరూ తిన్నంక ఆఖర్న గిన్నెల్ల మిగిలింది వాళ్లు తినాలె. ఎడమచేతి నియమం అంత గట్టిగ నిలబడ్డదంటే వడ్డించే ఆడోళ్లు ఎప్పుడూ పక్కన ఉన్నరు కాబట్టే. ఇప్పుడు మా ఇంట్ల ముందే గిన్నెలన్నీ నడుమ పెట్టుకుంటం, అందరం ఒక్కపారే కూసుంటం, ఎడమచేత్తోనే గరిట. మా అత్తమ్మ మొదట్ల గునిసింది. వేడి వేడిగ అందరితోని కూసోని తినుడు అలవాటయినంక ఆమెనే అందరికంటె ముందు కూసుంటది.

స్పూన్_పార్టీ
ఇది నేను ఆలోచించని కోణం. చాలా బాగా చెప్పారు రజిత గారూ.

కృష్ణలంక_కుర్రాడు
మా ఇంట్లో అమ్మ ఇప్పటికీ చివర్నే తింటుంది. ఈ పోస్టు నాన్నకి చదివి వినిపిస్తా.

న్యూజెర్సీ_నాన్న
వాసు గారి సమస్య మా ఇంట్లో వేరేలా వచ్చింది. పాప స్కూల్‌కి పులిహోర పట్టుకెళ్లి చేత్తో తిన్నది. మర్నాటి నుంచి "నాకు శాండ్‌విచ్ పెట్టు" అని పేచీ. ఎవరో పిల్లలు ఛీ అన్నారట. శాండ్‌విచ్ చేత్తో తింటే ఎవరూ ఛీ అనలేదు, పిజ్జా తింటే అనలేదు, బర్గర్ తింటే అనలేదు. అన్నం దగ్గరికి వచ్చేసరికే ఛీ! పాపకి ఇదే చెప్పాను, విన్నది గానీ శాండ్‌విచ్ మాత్రం మానలేదు.
పిల్లలది సరే, పెద్దవాళ్లు? 2025లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీచేస్తున్న జొహ్రాన్ మమ్దానీ చేత్తో అన్నం తింటున్న వీడియో వచ్చింది. టెక్సస్ నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికైన బ్రాండన్ గిల్ అనే ఆయన, అమెరికాలో నాగరికులు ఇలా తినరు, ఇక్కడి పద్ధతులు నచ్చకపోతే వెనక్కి పొమ్మన్నాడు. కోడి రెక్కలూ టాకోలూ చేత్తో తినే దేశంలో! చివరికి మమ్దానీయే మేయర్‌గా గెలిచాడు.

చరిత్ర_పిచ్చి
కెనడా కేసు ఒకటి చెప్పాలి. 2006లో మాంట్రియల్‌లో ఫిలిప్పీన్స్ కుటుంబానికి చెందిన ఏడేళ్ల పిల్లాడు బడిలో స్పూనూ ఫోర్కూ రెండూ పట్టుకుని వాళ్ల ఇంటి పద్ధతిలో తింటున్నాడు. భోజనాల దగ్గర చూసుకునే ఆవిడ తప్పుబట్టింది. విడిగా కూర్చోబెట్టారు. తల్లి కోర్టుకెక్కింది. 2010లో క్యూబెక్ మానవ హక్కుల ట్రిబ్యునల్ అది వివక్షేనని తేల్చి పరిహారం ఇమ్మంది. చూడండి, ఆ పిల్లాడు చేత్తో తినలేదు. స్పూనే, ఫోర్కే. అయినా తప్పే అయింది. మనం స్పూన్ పట్టుకుంటే పరువు నిలబడుతుందన్న మేనేజరు గారికి ఇది చూపించాలి. చులకనగా చూడాలనుకున్నవాడికి మీ చేతిలో ఏముందన్నది లెక్కలోకి రాదు.

విజయనగరం_వాసు
ఈ కేసు నాకు తెలీదు. ఫిలిప్పీన్స్ సహోద్యోగిని ఇవాళ అడిగాను. అతనికి తెలుసు, వాళ్ల దేశంలో అప్పట్లో పెద్ద గొడవే అయిందట. మాట్లాడుతుండగా వాళ్ల కామాయాన్ విందు ఫొటోలు చూపించాడు. బల్ల మొత్తం అరిటాకులు పరిచి, మధ్యలో పొడుగ్గా అన్నం కుప్ప, దాని మీద చేపలూ రొయ్యలూ మాంసమూ పేర్చి, చుట్టూ నిలబడి అందరూ చేత్తో తినడమే. ప్లేట్లే ఉండవు. వాళ్ల సైన్యంలో కూడా అధికారులూ సిపాయిలూ భుజం భుజం ఆనించుకుని ఇలాగే తింటారట. "ఒకరోజు మీ ఆవకాయతో చేద్దాం" అన్నాడు.

బార్కస్_బాబా
మా హైదరాబాద్‌లో బార్కస్‌కి రండి భాయ్. నిజాం కాలంలో యెమెన్ నుంచి సైన్యంలోకి వచ్చినవాళ్ల మనవళ్లం మేం. మందీ అంటే పెద్ద పళ్లెం, కింద అన్నం, పైన మటన్, చుట్టూ నలుగురు. కింద కూర్చుని తినాలె. ఎవరి ముందున్నది వాళ్లే తినాలె, పక్కవాడి వైపు చెయ్యి పోకూడదు. మంచి ముక్క దొరికితే తెంపి పక్కవాడి వైపు తోస్తాం. ఇప్పుడు సిటీ నిండా మందీ హోటళ్లే, కుర్రాళ్లు కింద కూర్చుని ఒకే పళ్లెంలో తింటున్నారు. స్పూన్ అడిగితే ఇస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఎముక దగ్గర మాంసం స్పూన్‌కి రాదు.

స్పూన్_పార్టీ
బాబా భాయ్, నేను వచ్చాను మీ వైపు, స్పూన్‌తోనే తిన్నాను, ఎముక వదిలేశాను.

బార్కస్_బాబా
అంటే మందీ తినలేదు, అన్నం తిన్నారు. మళ్లీ రండి, ఎముక నేను ఒలిచి పెడతా.

పేరాక్_తెలుగమ్మాయి
చరిత్ర_పిచ్చి గారు చెప్పిన చైనా నియమమూ బాబా భాయ్ చెప్పిన పళ్లెం నియమమూ ఒకటే! పక్కవాడి వాటా లాక్కోకూడదు. చేత్తో తినేవాళ్లకి పద్ధతి లేదనేవాళ్లకి ఇది చూపించాలి.

సంగటిముద్ద
పద్ధతి లేకపోవడమేంది? మా అవ్వ దగ్గర తిన్నామంటే మణికట్టు దాటి తడి కనపడకూడదు, పచ్చడి వేలికి రెండో గణుపు దాటకూడదు. తినే చేత్తో చెంబు ముట్టకూడదు. నీళ్లు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవల్ల. అందరూ అయ్యేదాకా లేవకూడదు. ఇన్ని నియమాలు ఏ స్టార్ హోటల్లో ఉన్నాయి?

స్పూన్_పార్టీ
అదే కదా నేనూ అనేది! మీ అవ్వ నేర్పినట్టు తింటే నాకు ఏ ఇబ్బందీ లేదు. ఆ నేర్పే అవ్వలు తగ్గారు. ఇప్పటి పిల్లలు టీవీ చూస్తూ కంచమంతా కెలికి సగం వదిలేస్తున్నారు. చేత్తో తినిపించండి, కానీ ఎలా తినాలో కూడా నేర్పండి. నేనైతే స్పూన్ వదలను, నా సౌకర్యం నాది.

టోక్యో_కిరణ్
స్పూన్_పార్టీ గారితో ఇక్కడ నేనూ ఏకీభవిస్తాను. జపాన్‌లో చాప్‌స్టిక్స్ ఎలా పట్టకూడదో పిల్లలకి చెబుతూనే ఉంటారు. అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది పోయినవాళ్లకి పెట్టే తీరు. ఒకరి పుల్లల్లోంచి ఇంకొకరి పుల్లల్లోకి ముక్క అందించకూడదు, దహనం అయ్యాక అస్థికలు అలా తీస్తారు కాబట్టి. ప్రతి నియమానికీ కారణం పిల్లలకి తెలుసు. మనం కారణం చెప్పకుండా "తప్పు" అని ఊరుకుంటాం.

న్యూజెర్సీ_నాన్న
వాసు గారూ, మీ మేనేజరు గారితో ఏమైనా మాట్లాడారా?

విజయనగరం_వాసు
మాట్లాడాను. గొడవగా కాదు, కాఫీ తాగుతూ. ఆయన ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన కొత్తలో వేరే దేశంలో ఎవరో ఆయన చెయ్యి చూసి నవ్వారట. అప్పటి నుంచి బయట చేత్తో తినడం మానేశారు. నాకలా జరగకూడదనే చెప్పానన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ "సార్, ఇక్కడ ఎవరూ నవ్వట్లేదు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నేను చేత్తోనే తింటున్నాను. క్లయింట్లతో బయటికి వెళ్లినప్పుడు వాళ్ల హోటల్, వాళ్ల పద్ధతి, అందులో నాకు ఇబ్బంది లేదు.

గోదారి_గట్టు
మంచి పని చేశావు. ఆయనకీ ఓ ముద్ద కలిపి పెట్టు ఒకరోజు.

ఎడంచేతి_వాటం
ఇంతసేపూ అందరూ చెయ్యి చెయ్యి అంటున్నారు, ఏ చెయ్యి? మీరు చెప్పినవాటిలో చాలాచోట్ల కుడిచెయ్యే. నాది పుట్టుకతో ఎడమ వాటం. రాసేది, బ్యాట్ పట్టేది, కత్తిపీట మీద కూర తరిగేది అన్నీ ఎడమతోనే. అన్నం మాత్రం చిన్నప్పుడు చేతి మీద కొట్టి కొట్టి కుడికి మార్చారు. ఇప్పటికీ కుడిచేత్తో తింటే ముద్ద సరిగ్గా కుదరదు, చారన్నమైతే జారిపోతుంది. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చోవాలంటే భయం. అందుకే బయట స్పూన్ తీసుకుంటాను, ఎడమచేత్తో స్పూన్ పట్టుకుంటే ఎవరూ చూడరు. ఇప్పుడు మా బాబుకీ ఇదే వాటం. వాడినీ కుడికి మార్చమని మా అత్తగారు పోరుతున్నారు. ఏం చేయమంటారు?

ఓరుగల్లు_రజిత
మార్చకున్రి. వాటం మెదడుల ఉంటది, కొడితే పోదు. రెండు చేతులూ సబ్బుతో కడుక్కునుడు నేర్పున్రి, అంతే. ఎడమచెయ్యి వద్దన్నది కడుక్కునే చెయ్యి అని. సబ్బు ఉన్న ఇంట్ల ఆ మాటకు అర్థం లేదు.

పేరాక్_తెలుగమ్మాయి
మా మలయ్ స్నేహితురాలిది కూడా ఎడమ వాటమే. ఇంట్లో ఎడమతో తింటుంది. పెద్దవాళ్ల విందుల్లో కుడిచేతిలో స్పూన్. ఆమెకీ స్పూనే దిక్కయింది.

స్పూన్_పార్టీ
చూశారా, స్పూన్ ఎవరిని ఆదుకుందో! ఎడంచేతి_వాటం గారూ, మా పార్టీలోకి ఎప్పుడైనా రావచ్చు.

గోదారి_గట్టు
అమ్మా, మా మనవడిదీ ఎడమ వాటమే. మా ఆవిడ కూడా మొదట్లో గోల చేసింది. నేనే వద్దన్నాను. వాడు ఇప్పుడు ఎడమచేత్తో పులస ముళ్లు నాకంటే త్వరగా తీస్తాడు. పంక్తిలో మాత్రం వాణ్ని ఎడమ చివర కూర్చోబెడతాం. మధ్యలో అయితే పక్కవాడి కుడి మోచేయీ వీడి ఎడమ మోచేయీ కొట్టుకుంటాయి.

ఎడంచేతి_వాటం
పెద్దాయన గారూ, ఈ చివర కూర్చోబెట్టే మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. వచ్చే నెల మా మరిది పెళ్లి, అక్కడ అలాగే చేస్తాను. గుళ్లో ప్రసాదం సంగతో? ఎడమచెయ్యి చాపితే పూజారి గారు ఆగిపోతారు.

సంగటిముద్ద
రెండు చేతులూ దోసిలి పట్టమనండక్కా. ఎడమతో తినేది తర్వాత, ఆయన చూడడు.